చిన్నత్తమ్మ వాటా

మా ఇంట్లో రెండు బీరువాలున్నాయి. ఒకటి అత్తమ్మ పెళ్ళినాటి ఇనప బీరువా. దాని తాళంచెవి ఆవిడ బొడ్లో ఉంటుంది. రెండోది వంటింటి మూలన నిలబడి రోజంతా గొణుగుతూ ఉండే ఫ్రీజరు. దానికి తాళం లేదు కాబట్టి అత్తమ్మే కాపలా. ఆవిడ దాన్ని ఫ్రీజరని ఏనాడూ అనలేదు. ‘ఐసు బీరువా’ అంటుంది. ఆ మాటకొస్తే అది చూడడానికి అచ్చం బీరువాలాగే ఉంటుంది. మనిషంత ఎత్తు, ఒకటే తలుపు, లోపల ఒకదాని కింద ఒకటి ఐదు ప్లాస్టిక్ సొరుగులు.

మాది సముద్రానికి దగ్గర ఊరు. జువ్వలదిన్నె హార్బరుకు ఆటోలో పావుగంట. వేసవిలో రెండు నెలలు వేట ఆపేసి పడవలన్నీ ఒడ్డుకు చేరుస్తారు. ఆ రెండు నెలలూ మా అత్తమ్మ మనిషి కాదు. విస్తట్లో కోడిగుడ్డు కూర పడితే, “ఎవురికన్నా ఒంట్లో బాగలేదా మే?” అని నన్నడుగుతుంది. ఆ బాధ పడలేక నాలుగేళ్ళ కిందట మా ఆయన ఈ ఫ్రీజరును తెచ్చాడు. తడ దగ్గర ఫ్యాక్టరీలో పనిచేసే ఒక కుటుంబం ఊరు మారుతూ దాన్ని వదిలించుకుంటుంటే, స్నేహితుడి వ్యానులో పడుకోబెట్టుకుని వచ్చాడు.

పడుకోబెట్టి తెచ్చిన దాన్ని నిలబెట్టిన వెంటనే ప్లగ్గు పెట్టకూడదు. కంప్రెసరులో నూనె మళ్ళీ కిందికి దిగాలి, ఒక రోజు ఆగాలి. నేనా మాట చెబితే తల్లీకొడుకులిద్దరూ నా మొహంలోకి చూశారు. మా నాన్నకు గూడూరులో మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే షాపు ఉండేది. నేను స్కూలు నుంచి వచ్చి ఆ షాపులోనే హోంవర్కు రాసుకునేదాన్ని. స్క్రూడ్రైవరు పట్టడం వచ్చాకే నాకు గరిటె పట్టడం వచ్చింది. అత్తవారింట్లో ఈ విద్యకు పెద్ద గౌరవమేమీ లేదు. మా ఆయన బట్టలు కుడతాడు. లోకంలో ఏ యంత్రం చెడిపోయినా ఆయనకు తెలిసిన కారణం ఒక్కటే, వోల్టేజి. అత్తమ్మకు తెలిసిన కారణం దిష్టి. మధ్యలో నా మాట వినేవాళ్ళు లేరు. అయినా ఆ రోజు నేను ప్లగ్గు చేతిలో పట్టుకుని కూర్చున్నాను కాబట్టి ఆగక తప్పలేదు.

ఇప్పుడు చిన్నత్తమ్మ సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే ఫ్రీజరు సంగతి అర్థం కాదు.

చిన్నత్తమ్మ అంటే మా అత్తమ్మ చెల్లెలు. వాళ్ళు ఇద్దరే అక్కాచెల్లెళ్ళు. చిల్లకూరులో హైవే పక్కన చిన్నత్తమ్మ వాళ్ళకు పరోటా హోటలు ఉంది. పోయిన వేసవి నాటికి వాళ్ళిద్దరికీ మాటల్లేక తొమ్మిదేళ్ళు. దానికి కారణం ఒక నల్ల కవరు. ఆ కవరు కట్టింది నేను.

నాకు పెళ్ళయ్యాక వచ్చిన మొదటి బక్రీదు అది. ఖుర్బానీ మాంసం మూడు వాటాలు చేస్తారు. ఒకటి ఇంటికి, ఒకటి చుట్టాలకు, ఒకటి లేనివాళ్ళకు. మా ఇంట్లో ఆ పని చాప పరిచి ఆడవాళ్ళం చేస్తాం. అత్తమ్మ తూకం చూస్తుంటే నేను కవర్లు కట్టాను. చుట్టాల కవరుకు రెండు ముడులు. ఇంట్లో సూపు కోసం తీసిపెట్టిన ఎముకల కవరుకు ఒక ముడి. అది అత్తమ్మ లెక్క. కొత్త కోడల్ని, పట్టుచీరలో ఉన్నాను, చేతులకు కొవ్వు అంటుకుని ముడులు జారిపోతున్నాయి. ఇంతలో మా వీధి లారీ డ్రైవరు చిల్లకూరు మీదుగా వెళుతున్నానని వాకిట్లో హారను మోగించాడు. చిన్నత్తమ్మ వాటా ఇమ్మని లోపలి నుంచి కేక వచ్చింది. నేను మూలన ఉన్న కవరు తీసి ఆయన చేతిలో పెట్టాను.

సాయంత్రం సూపు పెడదామని ఎముకల కవరు విప్పితే అందులో మంచి తొడ కండ ఉంది. ఎవరూ చూడకుండా ఆ కండను ఇంటి మాంసంలో కలిపేశాను. కవరు మడిచి పొయ్యి పక్కన పెట్టాను. “బొమికలు ఏవి మే?” అని అత్తమ్మ అడిగితే నోటికొచ్చిన మాట అనేశాను.

“కుక్క ఎత్తుకోని పొయ్యిందత్తమ్మా.”

ఆవిడ సూపు గిన్నె తీసి అటక మీద పెట్టేసింది. నేను బతికిపోయాననుకున్నాను.

రెండో రోజు ఫోను వచ్చింది. చిన్నత్తమ్మ గొంతు ఫోను బయటికి వినబడుతోంది. “బొమికలు మాకా, కండ మీకా అక్కా? మా ఆడబిడ్డలందరి ముందర ఇప్పినాను నేను ఆ కవరు. తల యాడ పెట్టుకోవాల?” పక్కనే ఉల్లిపాయలు తరుగుతున్న నేను కత్తి ఆపేశాను. అత్తమ్మ ఒక్క క్షణం ఆగింది. తర్వాత అంది, “అవును మే, నేనే కట్టినాను. నచ్చకపోతే వచ్చే ఏడు నువ్వే వచ్చి నీ చేత్తో తీసుకోని పో.”

“వాటా కోసం గడపలు ఎక్కేదానికి నేను బిచ్చగత్తెనా? ఇచ్చేవాళ్ళు ఇంటికి తెచ్చి ఇయ్యాల.”

అంతే. అక్కడితో ఫోను పెట్టేశారు, మాటలూ ఆగిపోయాయి. ఆ నిమిషంలో నేను నోరు విప్పి ఉంటే సరిపోయేది. విప్పలేదు. మా పెళ్ళి మాటలప్పుడే చిన్నత్తమ్మ నా గురించి, “రిపేరు షాపు పిల్లకు ఇంటి పనేం తెలస్తాది?” అన్నదని నాకు తెలుసు. ఆ మాట నిజం చేసి చూపించడానికి నాకు ధైర్యం చాల్లేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ఉండగానే అది పాతబడింది. పాతబడిన అబద్ధాన్ని తవ్వి తీయడం ఎంత కష్టమో నాకు అప్పుడు తెలిసింది.

అత్తమ్మ మాత్రం ప్రతి ఏడూ వాటా తీయడం మానలేదు. మంచి కండ తీసి, “ఇది దానిది” అని పక్కన పెట్టేది. ఫ్రీజరు లేని రోజుల్లో ఆ వాటా ఐసు డబ్బాలో మూడు రోజులు ఎదురుచూసేది. చిన్నత్తమ్మ రాదు. నాలుగో రోజు వండి మసీదు వీధిలో పంచేవాళ్ళం. మూడు రోజుల్లో తేలిపోయే వ్యవహారం. ఫ్రీజరు వచ్చాక ఏమైందంటే, ఆ వాటా ఏడాది పొడుగునా ఎదురుచూడడం మొదలుపెట్టింది. వచ్చే బక్రీదు ముందురోజున పాతది తీసి వండి పంచడం, పండగనాడు కొత్తది పెట్టడం. యంత్రం తయారుచేసినవాళ్ళు ఎన్ని ఉపయోగాలు రాశారో నాకు తెలియదు కానీ, అక్కాచెల్లెళ్ళ పంతం చెడిపోకుండా నిలవ ఉంచుతుందని మాత్రం రాసి ఉండరు.

ఆ వాటా ఉండేది అట్టడుగు సొరుగులో. తెల్లవారి నమాజు కాగానే అత్తమ్మ వంటింట్లోకి వచ్చి ఫ్రీజరు తలుపు తీస్తుంది. వంగి కింది సొరుగు లాగి, పొట్లాన్ని వేలితో నొక్కి చూస్తుంది. రాయిలా ఉంటే తృప్తిగా మూసేస్తుంది. రోజూ అదే. “ఊరికే తలుపు తీస్తే తడి గాలి లోపలికి పోతుంది, మంచు పడుతుంది” అని నేను నెత్తీనోరూ కొట్టుకున్నా వినదు. “నీ ఐసు బీరువాను నేనేం తినేస్తానా మే?” అంటుంది.

చిన్నత్తమ్మ మాత్రం తక్కువా? వారానికోసారి మా ఆయనకు ఫోను చేసి, అంగట్లో బేరాలెట్టా ఉన్నాయని మొదలుపెట్టి, చివర్లో “మీయమ్మ ఏం చేస్తా ఉండాది?” అంటుంది. మా ఆయన ఫోను చేతిలో పెట్టుకునే, “ఏం చేస్తా ఉండావని అడగతా ఉండాది” అంటాడు. అత్తమ్మ పక్కకు తిరిగి, “చచ్చిపోలేదని చెప్పు” అంటుంది. ఆయన “బాగుండాది” అని చెబుతాడు.

పోయిన వేసవిలో వేట ఆపే ముందు వారం అత్తమ్మ హార్బరు సగం ఇంటికి తెచ్చింది. వంజరం ముక్కలు, చందువలు, రొయ్యల డబ్బాలు. నాలుగు సొరుగులూ నిండిపోయి ఇంకా రెండు డబ్బాల రొయ్యలు మిగిలాయి. వాటిని కింది సొరుగులో పొట్లం పక్కన దూర్చాను. అది నేను చేసిన పని. గుర్తుపెట్టుకోండి.

పది రోజులు గడిచాయో లేదో, ఫ్రీజరు గొణుగుడు ఆగడం మానేసింది. మామూలుగా కాసేపు తిరిగి కాసేపు ఆగాలి. ఇది ఆగకుండా తిరుగుతోంది. వెనక గోడంతా తెల్లగా మంచు పట్టింది. పై సొరుగులో చందువలు మెత్తబడ్డాయి. మా ఆయన ఇంచుటేపు తెచ్చి మంచు మందం కొలిచాడు. “ఒకటిన్నర ఇంచు” అని, జాకెట్టు కొలత రాసుకున్నట్టు చెవి మీది పెన్సిలు తీసి కాగితం మీద రాసుకున్నాడు. ఆ తర్వాత అన్నాడు, “వోల్టేజి.”

స్టెబిలైజరు ముల్లు చూశాను. సరిగ్గానే ఉంది. ఫ్రీజరును గోడకు జానెడు దూరం లాగి, వెనక నల్ల గొట్టాల మీద పట్టిన దుమ్ము చీపురుతో దులిపాను. పెరుగులా పేరుకున్న మసి. కాళ్ళ ఎత్తు చూశాను. మా వంటింటి కడప బండలు తూము వైపు వాలుగా ఉంటాయి. అందుకని ఫ్రీజరు కొంచెం ముందుకు ఒరిగి ఉంది. అలా ఉంటే తలుపు దానంతటది మూసుకోదు. ముందరి కాళ్ళ మరలు తిప్పి కాస్త ఎత్తు చేశాను. ఇన్ని చేసినా మంచు తగ్గలేదు. మూడో రోజు మా ఆయన కొలిచి “రెండు ఇంచులు” అన్నాడు, ఎందుకో కొంచెం సంతోషంగా.

కావలి నుంచి మెకానిక్కు వచ్చాడు. తలుపు తీయకముందే “గ్యాసు” అన్నాడు. మా నాన్న చెప్పేవాడు, కొందరు మెకానిక్కులకు ఒకే రోగం తెలుసు, అది ప్రతి యంత్రానికీ ఉంటుంది అని. గ్యాసు తగ్గితే మంచు ఒక మూలే పడుతుంది కదా, ఇక్కడ గోడంతా పడింది కదా అని అడిగాను. ఆయన నన్ను కాకుండా మా ఆయన్ను చూసి, “బండిలో ఏసుకోని పోవాలన్నా” అన్నాడు. అత్తమ్మ లోపలి నుంచి వచ్చి ఫ్రీజరుకు అడ్డంగా నిలబడింది. “దీన్ని యాడికీ పంపీను. దీంట్లో మా చెల్లెలిది ఉండాది.” మెకానిక్కు టీ తాగి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం నేను మా నాన్న పరీక్ష చేశాను. కొలతల కోసం మా ఆయన కత్తిరించుకునే పేపరు ముక్క ఒకటి తీసుకుని, తలుపు సందులో పెట్టి మూసి లాగాలి. పట్టు ఉంటే కాగితం బిగుసుకుంటుంది. పైన బిగుసుకుంది, పక్కన బిగుసుకుంది. కింద మాత్రం వెన్నలా జారి వచ్చేసింది. అంటే అక్కడ తలుపు రబ్బరు ఆనడం లేదు. ఎక్కడ ఆనడం లేదో అక్కడి నుంచి మా సముద్రపు గాలి, తేమంతా మూటగట్టుకుని లోపలికి పోతోంది. రబ్బరు వంకర పోయిందేమో అని వేణ్ణీళ్ళ గుడ్డతో కాపడం పెట్టి సాగదీశాను. మర్నాడు మళ్ళీ అంతే.

కారణం ఆ పై రోజు తెల్లవారుజామున దొరికింది. నీళ్ళు తాగడానికి వంటింటి గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాను. అత్తమ్మ కింది సొరుగును మోకాలితో తోస్తోంది. సొరుగు పూర్తిగా పోవడం లేదు, రెండు వేళ్ళంత బయటికే ఉంది. ఆవిడ తలుపు మూసి, దానికి వీపు ఆనించి గట్టిగా నొక్కి, బిస్మిల్లా అనుకుని వెళ్ళిపోయింది. నేను వెళ్ళి సొరుగు లాగి చూశాను. నేను దూర్చిన రొయ్యల నీచు తగులుతుందని ఆవిడ పొట్లానికి తన పాత చీర చుట్టింది. సగం చీర కాదు, మొత్తం చీర. పొట్లం కాస్తా దిండంత అయింది. దాని దెబ్బకు సొరుగు పట్టదు, సొరుగు తలుపును ఆననివ్వదు.

ఇందులో సగం తప్పు నాదే కాబట్టి గట్టిగా అరవలేకపోయాను. అదొక బాధ.

“అత్తమ్మా, దీన్ని ఆపేసి మంచంతా కరిగించాలి. ఒక రోజు పడుతుంది. లేకపోతే వారంలో అన్నీ పాడవుతాయి” అన్నాను. చేపలు పక్కిళ్ళ ఫ్రిజ్జుల్లోకి సర్దేశాం. పొట్లం దగ్గర ఆగిపోయాం. పక్కింటి ఫ్రిజ్జులో పెడదామంటే ఆవిడ వద్దంది. ఇంకో గడప దాటితే అది ఆ ఇంటి వాటా అయిపోతుందట. ఇది ఎక్కడ రాసి ఉందని నేను అడగలేదు.

“అయితే ఈ రోజే వండి పంచేద్దాం. ఎటూ పండగ ముందురోజు చేసే పనే కదా” అన్నాను.

ఆవిడ పొట్లాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. “పండగకు ఇంకా ఇరవై రోజులుండాది గదా మే. ఆ లోపల అది రాదని నువ్వెట్టా చెప్తావు?”

తొమ్మిదేళ్ళుగా ఆవిడ పంతం పట్టిందని నేను నవ్వుకున్నాను. మా ఆయనతో చెప్పి నవ్వించాను కూడా. ఆవిడ మాత్రం ప్రతి తెల్లవారుజామునా సొరుగు తీసి చూసింది, చెల్లెలు ఈ రోజు వస్తుందేమో అని. నాకు సిగ్గేసింది. ఏడుపూ వచ్చింది.

“అయితే మనమే తీసుకుపోదాం పదండి” అన్నాను.

“నేను రాను. నేను పోతే నాదే తప్పని ఒప్పుకున్నట్టు గదా.”

“సరే, నేనొక్కదాన్నే వెళ్తాను.”

ఆవిడ పొట్లం మీద చీర సర్దింది. “ఒక్కదానివా? గూడూరు దాకా వస్తాలే. నీకు ఆ పక్క బస్సులు తెలీవు.”

నేను పుట్టి పెరిగింది గూడూరులో. కిమ్మనకుండా చెప్పులేసుకున్నాను.

చేపలమ్మే ఆవిడను అడిగి ఒక థర్మాకోల్ పెట్టె తెచ్చాను. పొట్లం చుట్టూ ఐసు ముక్కలు వేసి టేపు అంటించాను. ఫ్రీజరు ప్లగ్గు పీకి, తలుపు తెరిచిపెట్టి, కింద పాత దుప్పట్లు పరిచి మా ఆయనకు అప్పగించాను. నేను వెనక్కి తిరిగేసరికి ఆయన మంచు పెకలించడానికి బట్టల కత్తెర ఎత్తాడు. చెయ్యి పట్టుకున్నాను. మంచు వెనకే గొట్టాలుంటాయి, ఒక్క పోటు పడిందా, అప్పుడు నిజంగానే గ్యాసు అవుతుంది. కత్తెర నా సంచిలో వేసుకుని బయల్దేరాను.

నెల్లూరులో బస్సు మారేటప్పుడు కండక్టరు పెట్టెను చూసి మొహం చిట్లించాడు. “చేపలు ఎక్కనియ్యం పెద్దమ్మా, నీళ్ళు కారతాయి.”

“చేపలు గాదు నాయనా. మా చెల్లెలిది” అంది అత్తమ్మ, ఆ ఒక్క మాటతో అంతా తెలిసిపోతుందన్నట్టు. ఆయనకేం అర్థమైందో, ఎక్కనిచ్చాడు. ఆవిడ పెట్టెను కింద పెట్టలేదు. దారంతా ఒళ్ళోనే పెట్టుకుంది. మోకాళ్ళు చల్లబడి తిమ్మిరెక్కాయని గొణుగుతూనే ఉంది. నేను పట్టుకుంటానంటే మాత్రం, “నువ్వు గమ్మునుండు” అంది. ఈ పెట్టెను నా చేతికివ్వకపోవడమే మంచిదని ఆవిడ అనుకుంటోందా? ఆ నల్ల కవరు సంగతి తెలుసా ఈవిడకు? తెలిసే అవకాశం లేదని నాకు నేనే చెప్పుకున్నాను.

గూడూరులో దిగాం. “ఇంక మీరు వెనక్కి వెళ్తారా?” అన్నాను, చూద్దామని.

“ఇంత దూరం వచ్చి దాని హోటలు ఎట్టుండాదో చూడకుండా పొయ్యేదెట్టా? రోడ్డుకు ఈ పక్కనే నిలబడి చూస్తాలే.”

చిల్లకూరులో ఆటో దిగాక ఆవిడ అన్నట్టే చేసింది. సర్వీసు రోడ్డుకు ఇవతల, టైర్ల షాపు పందిరి కింద నిలబడి కొంగు తలమీదికి లాక్కుంది. అప్పుడు పెట్టె నా చేతికిచ్చింది. నేను రోడ్డు దాటాను. చిన్నత్తమ్మ గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది. నన్ను దాటి రోడ్డు అవతలికి చూసింది.

“ఆడ నిలబడుకోని ఉండేది ఎవురు?”

నేను నోరు తెరిచేలోగా ఆవిడ మెట్లు దిగేసింది. “ఎండలో ఏం చేస్తా ఉండావక్కా? బీపీ మాత్ర ఏసుకున్యావా?” అని అక్కడి నుంచే కేకలేసుకుంటూ, వచ్చే మోటారు సైకిలును చేత్తో ఆపి, అవతలికి పోయి, అక్క చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. తొమ్మిదేళ్ళ తర్వాత మొదటి మాట బీపీ మాత్ర గురించి.

లోపల బల్ల మీద పెట్టె పెట్టాను. టేపు ఊడదీశాను. చీర చూసి చిన్నత్తమ్మ గుర్తుపట్టింది. “ఇది నీ నేరేడుపండు రంగు చీర గదా” అంది. చీర విప్పితే లోపల రాయిలాంటి పొట్లం. ఆవిడ దాని మీద చెయ్యి వేసి, అక్క మొహం చూడకుండా అడిగింది, “ఈసారన్నా కండేనా?”

ఇక ఆగలేకపోయాను. “చిన్నత్తమ్మా, ఆ రోజు ఆ కవరు కట్టింది నేను. మార్చి ఇచ్చింది నేనే. అత్తమ్మకు తెలియదు. మీ కండ మా కుండలో కలిపేసి, ఎముకలు కుక్క ఎత్తుకుపోయిందని చెప్పాను” అని ఒక్క గుక్కలో చెప్పేశాను. చెప్పేటప్పుడే ఏడ్చేశాను. పరోటాలు తినేవాళ్ళు తలలెత్తి చూశారు.

అత్తమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. “తెలీకేమి” అంది.

నేను ఆవిడ వైపు తిరిగాను.

“కుక్క వచ్చి, ముడి ఇప్పుకోని, బొమికలు తీసుకోని, కవరు మడిచి పొయ్యి పక్కన పెట్టి పొయ్యిందా మే? అట్టాంటి కుక్కను నేనెప్పుడూ చూడలా. కుండలో కండ రెండింతలుండాది. వండేది నేను గదా.”

చిన్నత్తమ్మకు కోపం వచ్చింది. నిజంగానే వచ్చింది. “మరి నేను ఫోను చేసినప్పుడు చెప్పొచ్చు గదా! నేనే కట్టినానని ఎందుకు చెప్పినావు? ఈ పిల్ల కోసం తొమ్మిదేండ్లు నన్ను ఒదులుకున్యావా?”

“చెప్తే నువ్వు ఊరుకుంటావా? రిపేరు షాపు పిల్ల అని చుట్టాలందరికీ చాటింపేస్తావు. మొదటి పండగ దానికి. కత్తి పట్టుకోని వణకతా ఉండింది నా పక్కన. నువ్వు నా తోడబుట్టినదానివి, ఎప్పుడన్నా అరిచి తెచ్చుకుంటా. దాని మనసు ఆ రోజు ఇరిగిపోతే నేను యాడ తెచ్చుకునేది?”

చిన్నత్తమ్మ కుర్చీ లాక్కుని అక్క పక్కన కూర్చుంది. ఉల్లిపాయల కత్తి నా చేతిలో ఆగిన క్షణం, ఫోనులో అత్తమ్మ ఆగిన క్షణం, రెండూ ఒకటేనని నాకప్పుడు తెలిసింది. ఆవిడ ఆగి నన్ను చూసింది. నేను తల వంచుకుని ఉల్లిపాయలు చూశాను.

అంతలో మా ఆయన ఫోను. “మంచంతా కరిగిపోయింది. వంటింట్లోంచి నీళ్ళు నా మిషను కిందికి వచ్చేస్తా ఉండాయి. గుడ్డలు యాడున్నాయి?” బట్టలు కుట్టేవాడి ఇంట్లో గుడ్డలకు కరువొచ్చిందని చిన్నత్తమ్మకు ఒకటే నవ్వు. నవ్వు ఆపుకుని ఫోను లాక్కుని, “మీయమ్మ ఈ పొద్దు రాదు. ఇది కరిగి ఉడికేదాకా యాడికీ పంపీను” అని పెట్టేసింది.

పొట్లం కరగడానికి చాలాసేపు పట్టింది. అది కరుగుతున్నంతసేపూ వాళ్ళిద్దరూ దాని పక్కన కూర్చుని మాట్లాడుకుంటూనే ఉన్నారు. మధ్యమధ్య కొట్లాడుకున్నారు. మసాలా ఎంత వెయ్యాలో తేలక ఒకసారి మళ్ళీ మాటలు మానేస్తారేమోనని నాకు భయమేసింది. మొత్తానికి పొద్దుగూకే వేళకు అన్నాలు పెట్టారు. చిన్నత్తమ్మ అక్కకు వడ్డించి, తనకు పెట్టుకుని, నా దగ్గరకొచ్చి గరిటెతో గిన్నె అడుగంతా దేవింది. అంత కండలో ఎక్కడో ఒక్క మూలుగ ఎముక ఉంది. దాన్ని వెతికి తీసి నా పళ్ళెంలో పెట్టింది.

“ఇదో, నీ వాటా” అంది.

నేను నవ్వబోయి మళ్ళీ ఏడ్చాను. అత్తమ్మ తన కంచంలోంచి తల ఎత్తకుండానే అంది.

“గెట్టిగా పట్టుకో మే. కుక్క ఎత్తుకోని పోతాది.”